ఏసీ థియేటర్లోంచి వరండాలోకి వస్తే లెన్స్‌కి ఆవిరి

నెల్లూరు, ఒంగోలు వైపు కాన్పు వీడియోలు తీసేవాళ్లకు ఒక మాట. ఆపరేషన్ థియేటర్లో ఏసీ, బయట వరండాలో సముద్రపు తేమ. బిడ్డను అమ్మమ్మ చేతికిచ్చే షాట్ కోసం చల్లటి కెమెరాతో పరిగెత్తారా, లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. అక్టోబరు, నవంబరు వానల్లో మరీను. తుడిచి లాభం లేదు. గాజు చల్లగా ఉన్నంతసేపూ మళ్లీ పడుతుంది. లెన్స్ అసలే విప్పొద్దు, లోపల బొమ్మను పట్టే సెన్సార్‌కీ పడుతుంది.

అందుకే రెండో కెమెరా, లేదంటే మంచి ఫోను, ముందునుంచే వరండాలో ఒకరి చేతిలో ఉంచండి. లోపలి కెమెరాను థియేటర్లోనే జిప్ కవర్లో మూసి, బయటికి తెచ్చాక 20 నిమిషాలాగి తీయండి. చెమ్మ కవరు మీదే ఆగిపోతుంది.

లోపల తల్లి తలవైపే నిలబడాలి. ఆపరేషన్ కోసం కప్పిన, క్రిములు లేకుండా శుభ్రం చేసిన పచ్చగుడ్డలకు మోచెయ్యి తగిలిందా, సిస్టరమ్మ బయటికి పంపేస్తుంది, పంపాలి కూడా. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైటు చారలు రావు. కెమెరాలోని ఫోకస్ లైటు, బీప్ రెండూ ఆపేయండి. డాక్టరు, తల్లి ఇద్దరి అనుమతీ కాన్పుకు ముందే కాగితం మీద తీసుకోవాలి. నొప్పులు మొదలయ్యాక అడగడం పద్ధతి కాదు.