పాత మిద్దె కొనేముందు: నేల, గోడ, సంతకాలు

ప్రొద్దుటూరు, తాడిపత్రి, ఆదోని వైపు పాత మిద్దె కొనాలనుకుంటే ఎండాకాలంలో ఒకసారి, వానలు పడ్డాక ఇంకోసారి చూడండి. నల్లరేగడి నేల తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంగి బీటలిస్తుంది. పునాది లోతు చాలకపోతే గోడ కూడా దానితోపాటే కదులుతుంది. ప్లాస్టరింగు మీద వెంట్రుకంత గీతలకు భయం లేదు. కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా పాకి, పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే పగులును మాత్రం వదలకండి. కొత్తగా సున్నం కొట్టిన గోడైతే లోపల, బయట రెండు వైపులా చూడాలి. గోడవారగా చిన్న గుంత తీయిస్తే పునాది లోతు తెలిసిపోతుంది. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే అనుమానించాల్సిందే. గోడను ఆనుకుని వేపచెట్టు గానీ, కారే మురుగుకాలువ గానీ ఉంటే కదలిక ఇంకా ఎక్కువ. ఇంటి చుట్టూ నీళ్లు బయటికి వాలేలా నాపబండలు పరిస్తే కొంత మేలు, కానీ పునాది లోపం దాంతో తీరదు.

బండల మిద్దెకు దూలాలే ప్రాణం. గోడలో దిగిన కొసల్లో స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే చెదలు పట్టినట్టే.

ఇక కాగితాలు. రిజిస్ట్రారు ఆఫీసులో కనీసం ముప్పై ఏళ్లకు ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించండి. అందులో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. నోటిమాటగా పంచుకున్న భాగాలు, రిజిస్టరు కాని వీలునామాలు కనపడవు. మన ఊర్లలో ఎక్కువ తగాదాలు అక్కడే పుడతాయి. వీలునామా రాయకుండా తండ్రి పోతే పెళ్లైన ఆడపిల్లలకూ వాటా ఉంటుంది, వాళ్లు లేకుంటే వాళ్ల పిల్లలకు. "మా చెల్లెలు అడగదులే" అన్న మాట నమ్మి బయానా ఇవ్వొద్దు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్లో ఉన్న వాటాదారులంతా వచ్చి సంతకం పెడతామంటేనే అగ్రిమెంటు రాయించండి.

జిరాక్సులతో సరిపెట్టుకోకండి, అసలు పత్రాలు ఎక్కడో తాకట్టులో ఉండొచ్చు. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో, అంటే 22-ఏ నిషేధిత జాబితాలో, ఆ సర్వే నంబరుందేమో చూడండి. పత్రంలోని చెక్కుబందిలో (నాలుగు వైపుల హద్దుల వివరం) రాసిన హద్దులు, ఉమ్మడి గోడ, నడిచే దారి మీరే టేపు పట్టి సరిచూసుకోండి, సెంటంటే 48.4 చదరపు గజాలు.

స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం దాకా అవుతుంది. ప్రభుత్వ విలువ, రాసుకున్న ధర రెండింట్లో ఏది ఎక్కువైతే దానిమీద లెక్క. రిజిస్ట్రేషన్ అయ్యాక ఇంటిపన్ను, కరెంటు మీటరు వెంటనే మీ పేరుకు మార్పించుకోండి.