తెగిపోయిన ప్రేమ వదలకపోతే, ముందు ఫోన్ సంగతి చూడండి

"ఇక మర్చిపోతాను" అని ఒట్టు పెట్టుకోకండి. 1987లో మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని కొందరికి చెబితే, వాళ్లకు పదేపదే అదే గుర్తొచ్చింది. మనసు మాట వినదు, చేతిని మాత్రం ఆపుకోవచ్చు.

ఆన్‌లైన్‌లో ఉన్నారా, డీపీ మార్చారా అని రోజంతా చూసేవాళ్లకు చాలాసార్లు ఏమీ దొరకదు. ఎప్పుడో ఒకసారి కొత్త స్టేటస్ కనబడుతుంది, లాటరీ టికెట్టులా అదే మళ్లీ లాగుతుంది. 2010లో మానవశాస్త్రవేత్త హెలెన్ ఫిషర్ బృందం, తమను తిరస్కరించినవాళ్లను ఇంకా ప్రేమిస్తున్న 15 మందికి వాళ్ల ఫొటోలు చూపిస్తూ మెదడు స్కాన్ చేసింది. కొకైన్ కోసం తహతహలాడేటప్పుడు కదిలే భాగాలు కొన్ని అందులోనూ కదిలాయి. "ఒక్కసారి చూసి పెట్టేస్తా" అన్నది అందుకే ఒక్కసారితో ఆగదు.

చాట్‌ను కోపంలో తుడిచేయకండి. వారం తిరక్కుండా స్నేహితులను స్క్రీన్‌షాట్లు అడుక్కోవాల్సి వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే, వాట్సాప్‌లో ఆ చాట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, 'మోర్'లో 'ఎక్స్‌పోర్ట్ చాట్' ఎంచుకుని, మీడియా లేకుండా ఫైల్ తీయండి. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, తెరిచి చదవని మనిషి చేతికిచ్చి, ఆరు నెలల దాకా నేనడిగినా ఇవ్వొద్దని చెప్పండి. ఏకాంతపు ఫొటోలుంటే మాత్రం ఎవరికీ ఇవ్వకుండా పూర్తిగా తుడిచేయాలి. ఆ తర్వాత చాట్ తీసేసి నంబర్ బ్లాక్ చేయండి. ఆర్కైవ్ చాలదు, వేలికి ఆ దారి తెలుసు.

గూగుల్ ఫొటోస్ పాత ఫొటోలను తనంతట తానే ముందుకు తెస్తుంది. సెట్టింగ్స్‌లో 'మెమొరీస్' దగ్గర ఆ ముఖాన్ని హైడ్ చేస్తే చాలు, ఫొటోలు ఉన్నచోటే ఉంటాయి. చాలామంది మరిచేది డబ్బు యాప్‌లను: ఒక్క రూపాయి పంపి, దాంతోపాటు ఓ మాట రాయొచ్చు. అక్కడా బ్లాక్ చేయండి. లొకేషన్ షేరింగ్ ఆపడం, ఇద్దరూ వాడే ఓటీటీ పాస్‌వర్డ్ మార్చడం కూడా అదే రోజు.

ఒకే ఆఫీసైనా, మేనరికమై ప్రతి పెళ్లిలో ఎదురుపడుతున్నా మాటలు పనివరకే. ఉమ్మడి స్నేహితులకు ఇలా చెప్పండి: "తన కబుర్లు నాకొద్దు, నావి తనకి చెప్పొద్దు." రెండో సగమే ముఖ్యం. మన బాధ అవతలికి చేరుతోందన్న ఆశ ఉన్నంతకాలం బాధపడటం మానం.

తలపులకు సాయంత్రం 20 నిమిషాలు కేటాయించి చేత్తో రాయండి. పడుకునే ముందు వద్దు. తీపి రోజులే గుర్తొస్తుంటాయి గనుక, ఏ గొడవలో ఎవరేమన్నారో కూడా ఉన్నదున్నట్టు రాయండి. రాత్రి ఫోన్ వేరే గదిలో, అలారానికి మామూలు గడియారం.

మెసేజ్ పెట్టేయడానికి చేయి జారేది తన పుట్టినరోజు నాడు. ఆ తేదీ ముందే చూసుకుని, ఆ సాయంత్రం ఎవరితోనైనా బయట ఉండండి. మెసేజ్ పంపేశారా? సంజాయిషీగా రెండోది పంపకండి. స్పష్టంగా వద్దన్న అమ్మాయిని పదేపదే సంప్రదించడం, వెంటపడటం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కింద నేరం, మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగా లేకపోతే డాక్టర్‌ను కలవండి. చచ్చిపోవాలనిపిస్తే అప్పటిదాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.