అభిమాన బ్యాండ్ బాణీ మార్చినప్పుడు: కొత్త ఆల్బమ్‌ను ఎలా వినాలి, దాని గురించి ఎలా వాదించాలి

అమెరికన్ హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా ఐదో ఆల్బమ్ 1991 ఆగస్టు 12న విడుదలైంది. బ్యాండ్ పేరునే ఆల్బమ్‌కూ పెట్టారు కాబట్టి, నల్లటి అట్టను బట్టి అభిమానులు దాన్ని ‘బ్లాక్ ఆల్బమ్’ అని పిలుచుకున్నారు. అంతవరకు దూకుడుకూ, మలుపుల మీద మలుపులు తిరిగే పొడవైన పాటలకూ పేరుపడిన బ్యాండ్ ఇందులో వేగం తగ్గించింది, పాటలను కుదించింది, నెమ్మదిగా సాగే ప్రేమగీతాన్ని కూడా చేర్చింది. దాంతో అభిమానులు రెండుగా చీలిపోయారు. ఆ చీలిక ముప్పై ఏళ్ళు దాటినా పూర్తిగా మాయలేదు. మీరు ప్రేమించే బ్యాండ్ రేపు ఇలాగే మారితే, ఆవేశంలో ఏదో ఒక పక్షాన చేరిపోయే ముందు ఆ ఆల్బమ్‌ను ఎలా వినవచ్చో, విన్నాక ఎలా మాట్లాడవచ్చో ఈ వ్యాసంలో వివరిస్తాను.

కొత్త ఆల్బమ్ పెట్టడానికి ముందే చేయవలసిన పని ఒకటుంది. పాత పాటల్లో మీకు నచ్చినదేమిటో కాగితం మీద రాసుకోండి. ‘అంతా నచ్చింది’ అన్న జవాబు ఇక్కడ పనికిరాదు. వేగమా, గిటార్ సోలోలా, గాయకుడి గొంతా, సాహిత్యమా, పాట నిడివా, రికార్డింగ్‌లోని గరుకుదనమా, లేక ఆ పాటలు విన్నవాళ్ళందరూ ఒక చిన్న బృందమన్న భావమా? ఈ చివరిదాన్ని చాలామంది రాయరు కానీ, నా ఉద్దేశంలో అన్నిటికన్నా లోతుగా తగిలేది అదే. 1982లో మెటాలికా డెమో పాటలు, అంటే ఆల్బమ్‌కు ముందు నమూనాగా రికార్డు చేసుకున్న పాటలు, దుకాణాల్లో దొరికేవి కావు. అభిమానులే క్యాసెట్లకు నకళ్ళు తీసి, ఒకరికొకరు పోస్టులో పంపుకుని వాటిని ఊరూరా చేర్చారు. అలా బ్యాండ్‌ను తమ చేతులతో మోసినవాళ్ళకు, తొమ్మిదేళ్ళ తర్వాత అదే బ్యాండ్ ప్రతి టీవీలోనూ కనిపించడం తమ ఇల్లు తమది కాకుండా పోయినట్టు అనిపించడంలో వింతేమీ లేదు. ఆ బాధను తేలిక చేయకూడదు. అయితే ఆ బాధ వేరు, పాటలో లోపం వేరు. ముందే రాసుకున్న కాగితం ఆ రెండూ కలిసిపోకుండా కాపాడుతుంది.

తర్వాత కొత్త ఆల్బమ్‌కు ముందు వచ్చిన రికార్డును మళ్ళీ మొదటి నుంచి చివరి దాకా వినండి. మార్పు ఆకాశం నుంచి ఊడిపడదు, దాని జాడలు ముందే ఉంటాయి. మెటాలికా 1988 ఆల్బమ్ ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’లో అదే పేరున్న పాట దాదాపు పది నిమిషాలుంటుంది. ఆ రికార్డు మొత్తం మీద బేస్ గిటార్ దాదాపు వినపడదు. ఆ పాటను వేదిక మీద వాయిస్తుంటే ముందువరుసల్లో జనం ఆవులించడం చూశామని, ఇక దాన్ని వాయించకూడదనుకున్నామని గిటారిస్టు కర్క్ హామెట్ తర్వాతి కాలంలో చెప్పారు. అంటే పొడవైన పాటల దారి చివరికంటా వెళ్ళి, అక్కడి నుంచే వాళ్ళు వెనక్కి తిరిగారు. ఇంకా వెనక్కి వెళ్తే, 1984 నాటి రెండో ఆల్బమ్‌లోనే అకూస్టిక్ గిటార్‌తో మొదలయ్యే ‘ఫేడ్ టు బ్లాక్’ ఉంది. త్రాష్ మెటల్, అంటే అతివేగంగా దూకుడుగా సాగే మెటల్ సంగీతం, వాయించేవాళ్ళు ఇంత మెత్తటి పాట చేయడమేమిటన్న గొడవ ఆనాడే వచ్చింది. ‘పాత మెటాలికా’ అని మనం గిరి గీసిన చోట కూడా మారుతున్న మెటాలికానే ఉంది.

ఇప్పుడు కొత్త ఆల్బమ్ నుంచి ఒక్క పాట తీసుకుని, దాన్ని భాగాలుగా విడదీసి వినండి. ‘ఎంటర్ శాండ్‌మ్యాన్’ ఇందుకు మంచి పాఠం. దాని రిఫ్‌ను, అంటే పాటలో మళ్ళీ మళ్ళీ తిరిగివచ్చే గిటార్ పలుకును, హామెట్ కూర్చారు. అందులో మొదటి భాగాన్ని పలుమార్లు తిప్పి వాయించి, తోక భాగాన్ని చివర్లో మాత్రమే వాయిద్దామని డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్ సూచించారు. మామూలు రిఫ్ ఒకసారి వింటే మర్చిపోలేని రిఫ్‌గా మారింది ఆ ఒక్క సవరణతోనే. మొదటిసారి రిఫ్ మీద దృష్టి పెట్టి, రెండోసారి డ్రమ్స్ మీద, మూడోసారి జేమ్స్ హెట్‌ఫీల్డ్ గొంతు మీద పెట్టి వినండి. పాత రికార్డుల్లో అరుపుకు దగ్గరగా ఉండే ఆ గొంతు ఇక్కడ పాడుతోంది. బేస్ స్పష్టంగా వినిపిస్తోంది. నిర్మాత బాబ్ రాక్ వాయిద్యకారులను ఒకే గదిలో కలిసి వాయించమని పట్టుబట్టడం వల్ల, పాటలో నలుగురూ ఒకరినొకరు వింటూ వాయిస్తున్న బిగి కనిపిస్తుంది. ఇదంతా విన్న తర్వాత కూడా ‘నాకు వేగమే కావాలి’ అంటే, అది ఎదుటివాళ్ళు ఒప్పుకోదగిన మాట. వినకుండా అంటే మాత్రం దానికి విలువ లేదు.

బొమ్మలను పక్కన పెట్టి వినడం కూడా అవసరం. 1996లో ‘లోడ్’ వచ్చినప్పుడు బ్యాండ్ సభ్యులు పొడవాటి జుట్టు కత్తిరించుకున్నారు, లోగో మార్చారు, కళ్ళకు కాటుక పెట్టుకుని ఫొటోలు దిగారు. ఆ ఫొటోలు చూసి తీర్పు చెప్పినవాళ్ళు చాలామంది. అందులోని బ్లూస్ ఛాయలు బాగున్నాయా లేదా అన్నది చెవి తేల్చవలసిన విషయం.

వాయిద్యాలే మారిపోయినప్పుడు పని మరింత కష్టమవుతుంది. 1997లో ‘ఓకే కంప్యూటర్’తో గిటార్ బ్యాండ్‌గా శిఖరానికి చేరిన బ్రిటిష్ బ్యాండ్ రేడియోహెడ్, 2000 అక్టోబరులో ‘కిడ్ ఎ’ విడుదల చేసింది. మొదటి పాటలో గిటార్ లేదు. సింథసైజర్ కీబోర్డు ఒక వలయంలా తిరుగుతుంటే, గాయకుడు థామ్ యార్క్ గొంతు ముక్కలు ముక్కలుగా కోసి అతికించినట్టు వినిపిస్తుంది. ఇలాంటి ఆల్బమ్‌ను పాత అభిమాని వరుసగా వినకపోయినా తప్పులేదన్నది నా అభిప్రాయం. ముందుగా పాతదానికీ కొత్తదానికీ వంతెనలా ఉన్న పాటను వెతుక్కోండి. ఇక్కడ అది నాలుగో పాట, ‘హౌ టు డిసపియర్ కంప్లీట్లీ’. అకూస్టిక్ గిటార్‌తో మొదలై, బ్యాండ్ గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ కూర్చిన వయొలిన్ల హోరులోకి మెల్లగా పెరిగే ఆ పాటలో పాత రేడియోహెడ్ వేదన చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని పట్టుకున్నాక మొదటి పాటకు తిరిగి వెళ్ళండి. ఆ వేదనే అక్కడ కూడా వేరే వాయిద్యంలో పలుకుతున్నదని తెలుస్తుంది.

ఇక వాదన సంగతి. ఇలాంటి సందర్భాల్లో ముందుగా వినిపించే నింద ‘డబ్బు కోసం అమ్ముడుపోయారు’ అన్నది. బ్లాక్ ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే 1.6 కోట్లకు పైగా అమ్ముడైంది కాబట్టి ఆ నింద నిజమేననిపిస్తుంది. కానీ ‘కిడ్ ఎ’ నుంచి రేడియోహెడ్ ఒక్క సింగిల్ కూడా, అంటే ప్రచారానికి విడిగా అమ్మే పాట కూడా, విడుదల చేయలేదు, రేడియోకు అనువైన పాటలు ఇవ్వకుండా మార్కెట్‌కు ఎదురు నడిచింది. అయినా వాళ్ళ పాత అభిమానుల్లో చాలామందికి అంతే కోపం వచ్చింది. రెండు వ్యతిరేక దిక్కులకు వెళ్ళిన రెండు బ్యాండ్లకు ఒకే రకమైన కోపం ఎదురైందంటే, ఆ కోపానికి మూలం డబ్బు దగ్గర లేదు. కాబట్టి వాళ్ళ ఉద్దేశాల గురించి ఊహించడం మాని, పాటలో వినిపించేదాని గురించి మాట్లాడండి.

ఎదుటి వ్యక్తిని ముందుగా అడగవలసిన ప్రశ్న, మీరు ఈ బ్యాండ్‌లోకి ఏ పాటతో వచ్చారన్నది. వాదనల్లో సగం అక్కడే తేలిపోతాయి. స్టార్ టీవీతో పాటు ఎంటీవీ మన దేశంలోకి వచ్చింది కూడా 1991లోనే. అందుకే తెలుగు ఊళ్ళలో కేబుల్ కనెక్షన్ ద్వారా రాక్ సంగీతానికి పరిచయమైన తరంలో ఎంతోమందికి బ్లాక్ ఆల్బమే తొలి గుమ్మం. వాళ్ళు అక్కడి నుంచి వెనక్కి నడిచి 1986 నాటి ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’కు చేరారు. ఒకరికి పతనంగా కనిపించిన ఆల్బమ్ ఇంకొకరికి ఆరంభం. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా వాయించినప్పుడు, పాత త్రాష్ పాటలనూ 1991 పాటలనూ ఒకే కార్యక్రమంలో విన్న జనంలో ఈ ఇద్దరూ ఉన్నారు.

ఇంత చేసినా ఆల్బమ్ నచ్చకపోవచ్చు. అప్పుడు ఆ మాట గట్టిగానే చెప్పండి, కానీ ఎక్కడ, ఏది, ఎందుకు అన్నది చూపించి చెప్పండి. 2003 నాటి ‘సెయింట్ యాంగర్’ నా దృష్టిలో విఫలమైన ఆల్బమ్. స్నేర్ డ్రమ్ కింద ఉండే తీగలను వదులు చేసి వాయించడంతో ప్రతి దెబ్బా ఖాళీ డబ్బా మోతలా మోగుతుంది. గిటార్ సోలోలు పూర్తిగా తీసేశారు, అయినా పాటలు పొడవుగానే ఉంచారు. 2008లో ‘డెత్ మాగ్నెటిక్’తో సోలోలు, పాత వేగం తిరిగివచ్చాయి. ఈసారి అభిమానుల ఫిర్యాదు శబ్దం మీద పడింది. రికార్డును మితిమీరిన బిగ్గరతనానికి పెంచారని, అందువల్ల డ్రమ్స్ దెబ్బలు పగిలిపోయి వినిపిస్తున్నాయని వాళ్ళన్నారు. అంతటితో ఆగకుండా, ‘గిటార్ హీరో’ వీడియో గేమ్ కోసం ఇచ్చిన అవే పాటలను సీడీ పక్కన పెట్టి వినిపించారు. గేమ్‌లోని పాటల్లో ఆ పగులు లేదు. తేడా ఎవరి చెవికైనా అందేంత స్పష్టంగా ఉంది. ఆ ఆధారం చేతిలో పెట్టుకుని, ఆల్బమ్‌ను మళ్ళీ మిక్స్ చేయమని సంతకాలు సేకరించారు.