హార్మోన్ రిపోర్ట్‌లో యూనిట్ మారితే కంగారు పడకుండా లెక్క కట్టుకోవడం ఎలా

మా వదిన కువైట్‌లో ఉంటదండి, మొన్న థైరాయిడ్ రిపోర్ట్ వాట్సాప్‌లో పెడితే ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే థైరాయిడ్ హార్మోన్) 15.4 అని ఉంది, ఇక్కడ అమలాపురంలో వాళ్ళమ్మ చేయించుకున్న రిపోర్ట్‌లో అదే టెస్టుకి 1.2, ఇంకేముంది, పిల్లకి పన్నెండింతలకి పైగా పెరిగిపోయిందని మా అత్తయ్య అన్నం మానేసి కూర్చుంది. తీరా చూస్తే రెండూ ఒకటే. అక్కడిది పికోమోల్ పర్ లీటర్, ఇక్కడిది నానోగ్రామ్ పర్ డెసిలీటర్.

అంబాజీపేట కొబ్బరి మార్కెట్ తెలిసినోళ్ళకి ఇది చిటికెలో అర్థమైపోద్ది. పచ్చికాయ వెయ్యికి ఇంతని లెక్కన అమ్ముతాం, ఎండుకొబ్బరి క్వింటాకి ఇంతని తూకాన అమ్ముతాం కదా. మోల్ అంటే కాయల లెక్క, అంటే హార్మోన్ అణువులు ఎన్నున్నాయని, గ్రామ్ అంటే తూకం. తూకం నుంచి లెక్కకి రావాలంటే ఒక్కో కాయ బరువు తెలియాలి, ఇక్కడ దాన్నే మాలిక్యులర్ వెయిట్ అంటారు, టీ4కి సుమారు 777, టెస్టోస్టెరాన్‌కి 288, ఈస్ట్రడయాల్‌కి 272, అందుకే ఒకదాని నంబర్ పట్టుకెళ్ళి ఇంకోదానికి తగిలించకూడదు.

అత్తయ్య 1.2నే చూడండి. లీటర్‌కి పది డెసిలీటర్లు కాబట్టి 12 నానోగ్రాములు, అంటే 12,000 పికోగ్రాములు, 777తో భాగిస్తే 15.4 వచ్చేసింది. రోజూ ఇంత కుస్తీ అక్కర్లేదులెండి, ఫ్రీ టీ4ని 12.87తో గుణించండి, వెనక్కి రావాలంటే భాగించండి.

అలాగే టెస్టోస్టెరాన్ నానోగ్రామ్ పర్ డెసిలీటర్‌లో ఉంటే 0.0347తో గుణిస్తే నానోమోల్ పర్ లీటర్, 450 అయితే 15.6. ఈస్ట్రడయాల్ పికోగ్రామ్ పర్ ఎంఎల్‌ని 3.67తో గుణిస్తే పికోమోల్ పర్ లీటర్. ప్రొజెస్టెరాన్ నానోగ్రామ్ పర్ ఎంఎల్‌కి 3.18, కార్టిసాల్ మైక్రోగ్రామ్ పర్ డెసిలీటర్‌కి 27.6, ఈ రెండూ నానోమోల్ పర్ లీటర్‌లోకే.

అసలు బోల్తా పడేది ఎంఎల్, డీఎల్ దగ్గర. డీఎల్ అంటే 100 ఎంఎల్, కాబట్టి టెస్టోస్టెరాన్ ఒక ల్యాబ్‌లో 4.5 అని, ఇంకో ల్యాబ్‌లో 450 అని వచ్చినా మనిషి మాత్రం అలాగే ఉన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని ఆ ఒక్క అక్షరం చూడండి ముందు.

టీఎస్‌హెచ్‌కి (థైరాయిడ్‌ని పని చేయించే హార్మోన్) లెక్కే అక్కర్లేదు, మైక్రో ఐయూ పర్ ఎంఎల్ అన్నా మిల్లీ ఐయూ పర్ లీటర్ అన్నా ఒకటే. ప్రొలాక్టిన్ మాత్రం తిరకాసు. ఐయూ (ఇంటర్నేషనల్ యూనిట్) అనేది తూకమూ కాదు, కాయల లెక్కా కాదు, ఆ హార్మోన్ ఎంత పని చేస్తదో దాని కొలత, నానోగ్రామ్ పర్ ఎంఎల్‌ని 21.2తో గుణించి మిల్లీ ఐయూ పర్ లీటర్ అంటారు గానీ ల్యాబ్ వాడే టెస్ట్ కిట్‌ని బట్టి అది మారుద్ది, టెస్ట్ చేసిన ల్యాబ్‌నే అడగండి.

ఇంకోటి, రిజల్ట్ ఒక్కటే మార్చి పక్కింటోళ్ళ రిపోర్ట్‌లో రేంజ్‌తో పోల్చొద్దు, మీ రిపోర్ట్ పక్కనున్న రేంజ్‌ని కూడా అదే నంబర్‌తో మార్చుకోండి. డాక్టర్ గారికి చూపించేటప్పుడు ఒరిజినల్ కాగితమే ఇవ్వండి, మీరు కట్టిన లెక్క దాని పక్కన పెన్సిల్‌తో, యూనిట్‌తో సహా రాయండి, మాత్ర డోసు సంగతి ఆయన చూసుకుంటారు.