ఏప్రిల్ క్లోజింగ్, రామనవమి కచేరీలు: ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చేయాలి

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ సంగీతమంటే ప్రాణం పెట్టేవాళ్లకి ఏప్రిల్ నెల గట్టి పరీక్షే పెడుతుంది. చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో శ్రీరామసేవా మండలి వాళ్లు 1939 నుంచి జరుపుతున్న రామనవమి సంగీతోత్సవం ఇంచుమించు నెల రోజులు సాగుతుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడిన వేదిక అది. సరిగ్గా ఆ నెలలోనే ఆఫీసులో మార్చి 31 ఖాతాలు క్లోజ్ చేయాలి. నేను ఒక అమెరికన్ క్లయింటుకి లెక్కలు చూసే టీములో ఉన్నాను, వారంలో కొన్ని రోజులు వైట్‌ఫీల్డ్ ఆఫీసు, కొన్ని రోజులు జయనగర్‌లో ఇంటి నుంచి పని. కింద రాసిన ఇబ్బందులన్నీ నాకు ఎదురైనవే. కొన్నింటికి మందు దొరకడానికి ఏళ్లు పట్టింది కాబట్టి రాసిపెడుతున్నాను.

సమస్య: ఉత్సవం సగం అయిపోయింది, ఒక్క కచేరీ కూడా వినలేదు

కారణం పని ఎక్కువవడం ఒక్కటే కాదు. ఆఫీసు క్యాలెండరు ఇంగ్లీషు తేదీలతో నడుస్తుంది, నవమి తిథి ప్రకారం వస్తుంది, ఈ రెంటినీ మనం ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడం. 2023లో రామనవమి మార్చి 30న వచ్చింది, అంటే ఏడాది లెక్కలు ముగియడానికి సరిగ్గా ముందురోజు. ఆ ఏడాది అధిక శ్రావణం రావడంతో 2024లో నవమి ఏప్రిల్ 17కి జరిగింది, అప్పటికి మా క్లోజింగ్ అయిపోయి అందరూ ఊపిరి పీల్చుకుంటున్నారు. 2025లో ఏప్రిల్ 6, ఆదివారం. మా దగ్గర ఐదు పనిదినాల్లో ఖాతాలు క్లోజ్ కావాలి, ఆ లెక్కన ఐదో పనిదినం ఏప్రిల్ 7. అంటే పండగ మర్నాడే గడువు. ఒక్కో ఏడాది ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి పోయినేడాది వేసుకున్న ప్లాను ఈ ఏడాదికి పనికిరాదు.

చేయాల్సింది ఏమిటంటే, ఉగాదికి ముందే ఒక సాయంత్రం కూర్చుని పంచాంగం, క్లోజింగ్ షెడ్యూలు, కచేరీల పట్టిక మూడూ ఒకే కాగితం మీదకి ఎక్కించండి. నెలంతటిలో నాలుగో ఐదో ఎంచుకోండి. అంతకంటే ఎక్కువ వద్దు, నేను పన్నెండు రాసుకుని రెండే విన్న ఏడాది ఉంది. ఎంచుకునేటప్పుడు పేరు చూసి కాకుండా వారం చూసి ఎంచుకోండి. గడువు వారంలో మీకెంతో ఇష్టమైన గాయని ఉన్నా, ఆ రోజుని ఖాళీగా వదిలేయడమే మంచిది. మనసు కష్టపెట్టుకోకుండా ఆ పేరు కొట్టేయడం నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోండి. చామరాజపేట ఒక్కటే కాదు, ఈ నెలలో బెంగళూరులో చాలా పేటల్లో, గుళ్లలో రామనవమి కచేరీలు ఉంటాయి, చాలావరకు ఉచితం. పని ఎక్కువున్న వారంలో ఇంటికి నడిచివెళ్లే దూరంలో ఉన్న గుడిలో ఒక గంట కూర్చుని రండి. కొబ్బరాకుల పందిట్లో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుంటే, మిరియం, శొంఠి ఘాటు గొంతులో దిగే పానకం ఒక గ్లాసు చేతికిస్తారు, ఆ పక్కనే కోసంబరి (నానబెట్టిన పెసరపప్పు సలాడ్), మజ్జిగ. పాడే అమ్మాయి ఎవరో మీకు తెలియకపోవచ్చు. ఫరవాలేదు, నాకు బాగా గుర్తుండిపోయిన శ్రీరంజని రాగం అలాంటి చోట విన్నదే.

సమస్య: కచేరీ ఆరున్నరకి, కాల్ కూడా ఆరున్నరకే

అమెరికా వాళ్లతో పనిచేసే వాళ్లందరికీ ఉన్న బాధ ఇది, కానీ చాలామందికి కారణం తట్టదు. జనవరిలో ఏడున్నరకి ఉండే కాల్ ఏప్రిల్‌లో ఆరున్నరకి ఎలా వచ్చింది? అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకి జరుపుకుంటారు. మీటింగు పిలుపు న్యూయార్క్ టైముతో పెట్టి ఉంటే, వాళ్ల ఉదయం 9 గంటలు చలికాలంలో మనకి రాత్రి 7:30, మార్చి రెండో ఆదివారం నుంచి సాయంత్రం 6:30. మీటింగు ఎవరూ మార్చలేదు, దానంతటదే జరిగి సరిగ్గా కచేరీ మొదలయ్యే వేళకి వచ్చి కూర్చుంది.

దీనికి మందు ఫిబ్రవరి ఆఖర్లోనే వేయాలి. కాల్ పెట్టే మనిషికి ఒక చిన్న మెయిల్ రాయండి: "ఏప్రిల్‌లో నాలుగు మంగళవారాలు మాత్రం కాల్ ఒక గంట ముందుకి, అంటే మీ ఎనిమిదింటికి, జరపగలమా?" మొత్తం సిరీస్ మార్చమంటే ఎవరూ ఒప్పుకోరు, నాలుగు రోజులంటే ఒప్పుకుంటారు. వాళ్ల ఎనిమిది మనకి 5:30. ఆ రోజు ఇంటి నుంచి పని పెట్టుకుంటే ఆరింటికి కాల్ ముగించి, జయనగర్‌లో మెట్రో గ్రీన్ లైన్ ఎక్కి, నాలుగో స్టేషన్ కె.ఆర్. మార్కెట్‌లో దిగి నడిచి వెళ్లిపోవచ్చు. ఒప్పుకోకపోతే సాయంత్రం నాలుగున్నరలోపు వివరంగా స్టేటస్ రాసి పంపి, మీ బదులు టీములో ఇంకొకరు కాల్‌లో ఉండేలా చూసుకోండి.

మెట్రోలో నిలబడి కాల్ మాట్లాడదామనుకోవడం మాత్రం వద్దు. నేను చేశాను. సొరంగంలోకి వెళ్లగానే మాట తెగిపోయింది, ఒక అంకె ఒకటి వినబోయి ఇంకొకటి విన్నాను, దాన్ని సరిచేయడానికి మర్నాడు మూడు గంటలు పట్టింది.

సమస్య: వెళ్లాను, కూర్చున్నాను, ఏమీ వినలేదు

ఇది అన్నిటికంటే బాధపెట్టేది, దీని గురించే ఎక్కువ చెప్పాలి.

ఒక ఏడాది గడువుకి ముందురోజు రాత్రి ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వెళ్లాను. తోడి రాగం ఆలాపన మొదలైంది. పాడుతున్న విద్వాంసుడు కింది షడ్జమం దగ్గర నిలబడి మెల్లగా గాంధారం మీదకి వస్తున్నారు, ఆ గాంధారం ఊగుతూ ఉండగా నా ఫోను ఒళ్లో వణికింది. "ఒక్క నిమిషం" అనుకుని ల్యాప్‌టాప్ తెరిచాను. ఆ తెల్లటి వెలుగు నా ముఖం మీదే కాదు, పక్కన కళ్లు మూసుకుని వింటున్న పెద్దాయన ముఖం మీద కూడా పడింది. ఆయన కళ్లు తెరిచి నా వైపు చూశారు. కోప్పడలేదు. తెలుగులోనే అన్నారు: "ఏమ్మా, ఆఫీసు పనా? బయటికెళ్లి ముగించుకుని రా తల్లీ. ఆయన ఇంకా తోడిలోనే ఉంటారులే."

బయటికి వెళ్లి, రోడ్డు పక్క బల్ల మీద కూర్చుని ఫైలు పంపాను. అది పాత ఫైలు. లోపలికి తిరిగి వచ్చేసరికి తోడి అయిపోయింది. అటు పనీ పాడయింది, ఇటు రాగమూ పోయింది.

కారణం ఏమిటని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. గడువు ఉండటం కాదు అసలు తప్పు, పనిని ఎక్కడో మధ్యలో తెంపేసి రావడం. ఎక్కడ ఆపామో రాసిపెట్టుకోకపోతే అదంతా తలలోనే తిరుగుతుంటుంది, ఎంత గొప్ప విద్వాంసుడు పాడినా చెవిలో పడదు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెబుతాను. బయల్దేరడానికి పదిహేను నిమిషాల ముందు పని ఆపేసి కాగితం మీద, స్క్రీన్ మీద కాదు, మూడు సంగతులు రాస్తాను: ఎక్కడ ఆపాను, రేపు పొద్దున మొదట చేయాల్సింది ఏది, నా కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు. ఆ మూడోవాళ్లకి వెంటనే ఒక మెసేజ్: "తొమ్మిదిన్నర దాకా అందుబాటులో ఉండను, మీ ఫైలు రేపు పదిలోపు వస్తుంది." ఇలా చెప్పేస్తే వాళ్లు నిశ్చింతగా ఉంటారు, మనమూ ఉంటాం. ల్యాప్‌టాప్ ఇంట్లోనే. ఫోను సంచి అడుగున. నిజంగా ఏదైనా తగలబడిపోయే అవకాశం ఉంటే ఒక్కరికి మాత్రం "రెండుసార్లు వరసగా ఫోన్ చేయండి" అని చెప్పండి, మిగతావన్నీ సైలెంట్.

ఫోను చూడక తప్పని రోజైతే రెండు కృతుల మధ్య లేచి పందిరి దాటి వెళ్లి చూడండి. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే భాగం, మొదలవగానే మాత్రం లేవకండి. మృదంగ విద్వాంసుడు అంతసేపూ పాట వెనక నిలబడి వాయించి, తనకంటూ దొరికిన ఆ కాసేపట్లో జనం కాఫీకి లేచిపోవడం చూస్తే నాకు చాలా కష్టంగా ఉంటుంది.

సమస్య: ఏడున్నర అయిపోయింది, ఇప్పుడు వెళ్లి ఏం లాభం

చాలా లాభం. కచేరీ ఎలా నడుస్తుందో తెలియకపోవడమే ఇక్కడ కారణం. అరియకూడి రామానుజ అయ్యంగార్ గారు స్థిరపరిచిన పద్ధతిలోనే ఇప్పటికీ ఎక్కువమంది పాడుతున్నారు: ముందు వర్ణం (కచేరీ ఆరంభంలో పాడే రచన), తర్వాత వేగంగా ఒకటి రెండు చిన్న కృతులు, మధ్యలో ఒక మోస్తరు ఆలాపనతో ఒక కృతి, ఆ తర్వాతే ప్రధాన కృతి, అంటే విస్తారమైన ఆలాపన, నెరవల్ (ఒక పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడటం), స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం), తని. చివర్లో పదాలూ జావళీలూ భజనలూ, మంగళం. మూడు గంటల కచేరీలో ప్రధానం వచ్చేసరికి గంటన్నర దాకా పట్టొచ్చు. కాబట్టి ఎనిమిదింటికి చేరినా అసలైనది మీకు దక్కుతుంది. వెనక వరసలో నిలబడి, పాడుతున్న కృతి పూర్తయ్యాక కూర్చోండి.

తెలుగువాళ్లకి ఇంకో అదృష్టం ఉంది. త్యాగరాజస్వామి సాహిత్యం మన భాషే. నెరవల్‌లో ఒకే ఒక్క పాదాన్ని పది రకాలుగా తిప్పి పాడుతుంటే, రోజంతా అంకెలు చూసి మొద్దుబారిన తలకి కూడా ఆ మాట అర్థం సూటిగా తగులుతుంది. ఆలస్యంగా వెళ్లైనా వినాల్సింది అదే.

వైట్‌ఫీల్డ్ నుంచి బయల్దేరేవాళ్లు క్యాబ్ మాట మర్చిపోండి, సాయంత్రం వేళ ఎప్పుడు చేరతారో దేవుడికే తెలియాలి. 2023 అక్టోబరు నుంచి పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ దాకా మధ్యలో తెగకుండా ఉంది. మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారితే చిక్‌పేట తర్వాతదే మార్కెట్. ఏప్రిల్ సాయంత్రాలు ఉన్నట్టుండి వాన కొడుతుంది, గొడుగు పెట్టుకోండి.

సమస్య: టీములో మొహాలు మాడిపోతున్నాయి

"కొంచెం పర్సనల్ పని ఉంది" అని నసుగుతూ ఐదింటికి మాయమైతే ఎవరికైనా కోపం వస్తుంది. సంగీతం వినడానికి వెళ్తున్నానని చెప్పడానికి మొహమాటం దేనికి? మార్చిలోనే తేదీలతో సహా చెప్పండి. బదులుగా ఏం చేస్తారో కూడా చెప్పండి. 2025లో రంజాన్ మార్చి 31నే వచ్చింది, మాకు ఏడాదిలోకెల్లా బరువైన రోజు. నా పక్కసీటు అబ్బాయి ఎంట్రీలన్నీ ఆ రోజు నేను చూసుకున్నాను, పండగ పూట వాళ్లమ్మ దగ్గరికి వెళ్లొచ్చాడు. తర్వాతి వారం నా రెండు సాయంత్రాలు అతను చూశాడు, నేను అడగకముందే. ఈస్టర్, విషు, ఉగాది అన్నీ ఈ రోజుల్లోనే ఉంటాయి కాబట్టి ఇచ్చిపుచ్చుకోవడానికి మనుషులు దొరుకుతారు.

సమస్య: మర్నాడు తల పనిచేయదు

కచేరీ వల్ల కాదు, రాత్రి పదకొండింటికి భోంచేసి, ఆపైన "ఒకసారి మెయిల్ చూద్దాం" అని లాగిన్ అవ్వడం వల్ల. ఐదున్నరకే రెండు ఇడ్లీలో పెరుగన్నమో తినేసి వెళ్లండి. తిరిగొచ్చాక మజ్జిగ తాగి పడుకోండి. వరసగా రెండు రాత్రులు వద్దు.

సమస్య: ఇవన్నీ చేసినా ఈరోజు కుదరదు

మధ్యాహ్నం మూడింటికే ఆ సంగతి మీకు తెలుస్తుంది. లెక్క కలవలేదు, ఎక్కడ తేడా ఉందో తెలియదు, రివ్యూ రాత్రికి. అలాంటి రోజు వెళ్లకండి. హెడ్‌ఫోన్‌లో పెట్టుకుని పనిచేద్దామని కూడా చూడకండి, తేడా దొరకదు, పాటా వినబడదు. టికెట్టు నాలుగింటికల్లా ఎవరికైనా ఇచ్చేయండి. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలున్న ఇంటికి ఇస్తే మరీ మంచిది, నాలుగింటికి చెబితే వాళ్లు స్కూలు బట్టలు మార్చుకుని బయల్దేరడానికి టైముంటుంది.