దిగుమతి సరుకు కస్టమ్స్‌లో ఆగిపోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

ఓడ రేవుకు చేరాక కస్టమ్స్ సంగతి చూద్దాంలే అనుకుంటే చేతులు కాల్చుకున్నట్టే. రేవులో కంటైనర్‌ను ఉచితంగా ఉంచనిచ్చేది కొద్ది రోజులే. ఆ తర్వాత రోజురోజుకూ డెమరేజ్ (ఆలస్యానికి కట్టే రుసుము) పడుతుంది. అందుకే ఇక్కడ చెప్పే పనుల్లో చాలావరకు సరుకు అటువైపు లోడ్ కాకముందే చేయాల్సినవి.

మొదట హెచ్‌ఎస్ కోడ్, అంటే మీ సరుకు ఏ రకమో చెప్పే వర్గీకరణ నంబరు, తేల్చుకోండి. సుంకం ఎంతో, లైసెన్సు కావాలో వద్దో ఈ నంబరును బట్టే ఉంటుంది. ప్రపంచ కస్టమ్స్ సంస్థ పెట్టిన ఈ పద్ధతిలో మొదటి 6 అంకెలు దాదాపు అన్ని దేశాల్లోనూ ఒకటే. ఆ పై అంకెలు మాత్రం ఏ దేశానివి ఆ దేశానివే. అమ్మినవాళ్లు పంపిన 8 లేదా 10 అంకెల కోడ్‌ను ఉన్నదున్నట్టు దించేస్తే ఇబ్బంది వచ్చేది ఇక్కడే. సుంకం తక్కువున్న కోడ్ వెతికి, సరుకును దానికి అతికించాలని చూడకండి. అనుమానం ఉంటే ముందస్తు రూలింగ్ అడగండి, అంటే ఏ కోడ్ వర్తిస్తుందో సరుకు రాకముందే కస్టమ్స్ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. 2017లో అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) వాణిజ్య సౌలభ్య ఒప్పందంలో ఈ ఏర్పాటు ఉంది.

ఆహారం, మందులు, రసాయనాలు, మొక్కలు, వైర్‌లెస్ పరికరాల వంటివైతే కస్టమ్స్ ఒక్కటే సరిపోదు, వేరే శాఖల అనుమతి కూడా కావాలి. అది చేతికొచ్చాకే సరుకు పంపమనండి.

ఇక కాగితాలు. నన్నడిగితే అసలు టెన్షనంతా వీటితోనే. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అందుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం) మూడూ ఒకే మాట చెప్పాలి. ఒకదాంట్లో 120 పెట్టెలు, ఇంకోదాంట్లో 118 ఉంటే ఆ రెండు పెట్టెల లెక్క తేలేదాకా మొత్తం సరుకు కదలదు. కాబట్టి డ్రాఫ్టులు ముందే తెప్పించుకుని పేర్లు, సంఖ్యలు, బరువులు పక్కపక్కన పెట్టి చూడండి. వివరణ కూడా సూటిగా ఉండాలి. 'చొక్కాలు' అంటే చాలదు. అల్లిక బట్టవైతే హెచ్‌ఎస్ పట్టికలో 61వ అధ్యాయం, నేత బట్టవైతే 62వది. ఏ గుడ్డ, మగవాళ్లవా ఆడవాళ్లవా అన్నదీ రాయించండి.

ధర దగ్గర దాపరికం వద్దు. నిజంగా చెల్లించిన, చెల్లించాల్సిన మొత్తమే సుంకం లెక్కకు ఆధారం. ఉచిత శాంపిల్ అయినా సున్నా వేయించకండి, దాని విలువ రాసి 'అమ్మకానికి కాదు' అని చేర్చమనండి. రవాణా, బీమా ఖర్చులు ఎవరివో తెలిసేలా ఎఫ్‌ఓబీ (ఓడకెక్కించేదాకా ఖర్చు అమ్మినవాళ్లది), సీఐఎఫ్ (మీ రేవు దాకా రవాణా, బీమా కూడా వాళ్లవే) వంటి షరతు కూడా ఇన్‌వాయిస్‌లో ఉండాలి.

ఎవరికీ గుర్తుకు రానిది చెక్క ప్యాలెట్, అంటే సరుకు పేర్చే చెక్క చట్రం. పురుగులు దేశాలు దాటకుండా ఐఎస్‌పీఎం 15 అనే ప్రమాణం ఉంది. వేడి పద్ధతిలోనైతే చెక్క లోపలి దాకా కనీసం 56 డిగ్రీల సెల్సియస్ వేడి వరుసగా 30 నిమిషాలు తగలాలి, అలా చేసినట్టు ముద్ర చెక్క మీద కనిపించాలి. ముద్ర లేకపోతే లోపలి సరుకు ఎంత సక్రమంగా ఉన్నా ఆపేయొచ్చు. ప్లైవుడ్‌కు ఈ బాధ లేదు. లోడ్ చేసే ముందు ముద్ర ఫొటో పంపమని అడగండి.

ఓడ దారిలో ఉండగానే సరుకు వివరాల డిక్లరేషన్‌ను కస్టమ్స్‌కు దాఖలు చేయడానికి చాలా దేశాలు ఒప్పుకుంటాయి. మీ కస్టమ్స్ బ్రోకర్‌తో ఆ పని చేయించి, సుంకం డబ్బు సిద్ధంగా పెట్టుకోండి. అసలు బిల్ ఆఫ్ లేడింగ్ కొరియర్‌లో ఇరుక్కుంటుందేమోనన్న భయం ఉంటే టెలెక్స్ రిలీజ్ (ఆ కాగితం చూపించకుండానే సరుకు ఇమ్మని ఓడ కంపెనీ పంపే సందేశం) సంగతి ముందే మాట్లాడుకోండి.

ఇంత చేసినా అధికారి ప్రశ్న వేయొచ్చు. విడతలవారీగా కాకుండా కేటలాగ్, ఆర్డర్ కాపీ, బ్యాంకు చెల్లింపు రసీదు కలిపి ఒక్కసారే జవాబివ్వండి. గొడవ విలువ గురించే అయితే, తగిన హామీ కట్టి సరుకు విడిపించుకునే వీలు ఉందేమో బ్రోకర్‌ను అడగండి. అప్పుడు వాదన తేలేలోపు సరుకు మీ గోదాముకు చేరుతుంది.