ఐడియా తట్టకపోతే సెక్షన్ గీయండి

ఆర్కిటెక్చర్ క్లాసులో డిజైన్ ప్రాజెక్ట్ ఇవ్వగానే వందల ఫొటోలు సేవ్ చేసుకునే అలవాటు నాకూ ఉండేది. మన డిజైన్ చూసి ప్రశ్నలడిగే జ్యూరీ ముందు మాత్రం నోరు పెగిలేది కాదు. ఇప్పుడు నచ్చిన ఒక్క కట్టడాన్నే తీసుకుని దాని ప్లాన్ (పైనుంచి చూసినట్టు గీసే బొమ్మ), సెక్షన్ (నిలువునా కోసి లోపల చూపే బొమ్మ) చేత్తో గీస్తాను. 1989లో పూర్తయిన, జపాన్ ఆర్కిటెక్ట్ తడావో అండో డిజైన్ చేసిన ‘చర్చ్ ఆఫ్ ది లైట్’ సంగతే చూడండి. ఫొటోల్లో కంటికి ఆనేది గోడలోని శిలువ ఆకారపు వెలుగు ఒక్కటే. ప్లాన్ గీస్తే ఒక గోడ 15 డిగ్రీల కోణంలో లోపలికి చొచ్చుకొచ్చిందని తెలుస్తుంది, సెక్షన్ గీస్తే నేల మెట్లుమెట్లుగా వేదిక వైపు దిగుతోందని తెలుస్తుంది. ట్రేసింగ్ పేపర్ మీద 1:100 స్కేల్ (అసలు కొలతలో వందో వంతు) చాలు, ఓ సాయంత్రం పని. మనిషి బొమ్మ మర్చిపోకండి, అది లేకపోతే ఎత్తులు అస్సలు అర్థం కావు. పక్కనే ‘ఇది ఎందుకిలా?’ అని రాసుకోండి. జ్యూరీలో అడిగేదీ దాదాపు అదే.